వదులు చేసిన పట్టీలు

నిద్రలో ఊపిరి ఆగే జబ్బు నాది. మద్రాసులో కొన్న గాలి మిషను ఎక్కడికెళ్ళినా వెంటే ఉండేది. ముక్కు మీది మాస్కు పక్కల నుంచి గాలి పోతోందని పట్టీలు బిగించి, ప్రెషర్ కూడా నేనే పెంచుకునేవాణ్ణి. అయినా నిద్ర లేదు.

ఒకసారి ఉదయగిరిలో నెల్లూరు బస్సు ఆలస్యమైతే, చెక్క గరిటెలు చెక్కే ఒక అవ్వ ఇంట్లో మధ్యాహ్నం మాస్కు పెట్టుకుని నడుం వాల్చాను. గరిటె అంచు గరుకుగా ఉందేమోనని తడి వేలితో చూసినట్టే, ఆమె నా మాస్కు అంచు తడిమింది.

"నువ్వు బిగించే కొద్దీ ఈ పక్క లేస్తా ఉండాది నాయనా" అని పట్టీలు వదులు చేసింది. పక్కల నుంచి గాలి పోవడం ఆగింది. ప్రెషర్‌ను డాక్టరు చెప్పిన అంకెకే తగ్గించాను.

కళ్ళు తెరిచేసరికి సాయంత్రం. బస్సు వెళ్ళిపోయింది.

"లేపలేదేమవ్వా?"

"ఎన్నాళ్ళయిందో నువ్వు ఇట్ల నిద్రపోయి. బస్సు రేపు కూడా వస్తాది."

పొయ్యి మీద నాకూ కలిపి ఎసరు పెట్టి ఉంది.