ఇటుకలాయన కంచం

ఆ రోజుల్లో నాకు సంతకం పెట్టడం కూడా రాదు. బడికి వెళ్ళాల్సిన వయసులో మేనత్త హోటల్లో పప్పు రుబ్బాను. ఆ తర్వాత ఏదో ఒక వంటిల్లు నన్ను వదల్లేదు. యాభై దాటాక పక్కింటి టీచరమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను కాబట్టి, ఇన్నేళ్ళూ నోటితో చెప్పిన సంగతి ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను.

అప్పుడు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో, వరసకు పిన్ని అయ్యే ఆవిడ కేటరింగ్ వంటింట్లో పనిచేసేదాన్ని. పడక కూడా ఆవిడ ఇంటి కింది బేస్‌మెంట్‌లోనే. ఆ ఏడు ఎన్నికల్లో నిలబడ్డ ఒక పెద్దాయన్ని పిన్ని పట్టుబట్టి అక్కడి మన తెలుగువాళ్ళ భోజనాలకి పిలిపించింది. కుర్రతనంలో ఐర్లండ్ నుంచి వచ్చి, ఇటుకలు మోసి, సిటీ కౌన్సిల్ దాకా ఎదిగిన మనిషి. వంటింట్లో మేము ఇటుకలాయన అనుకునేవాళ్ళం. తినగానే ఆయన మైకులో మాట్లాడాలి. "ఆయన కంచం ఖాళీగా కనిపించిందా, నా పరువు పోయినట్టే. నువ్వక్కడే నిలబడవే" అంది పిన్ని.

నిలబడ్డాను. అన్నం పెట్టాను, తినేశారు. మళ్ళీ పెట్టాను, మళ్ళీ తినేశారు. గోంగూర వేస్తే అదీ ఊడ్చేశారు. మనవాళ్ళయితే చాలనుకున్నప్పుడు కంచానికి చెయ్యి అడ్డం పెడతారు, లేదా కాస్త మిగులుస్తారు. ఈయన రెండూ చెయ్యరే! పాపం ఎంత ఆకలితో వచ్చారో అని ఆవకాయ ముక్క వేశాను. (పెద్దది ఏరి మరీ వేశాను.) ముందు ఆయన మెడ ఎర్రబడింది, తర్వాత చెవులు. "గుడ్, వెరీ గుడ్" అని పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. అవతల మైకులో ఆయన పేరు పిలిచేశారు.

పిన్ని వచ్చి నా మోచెయ్యి గిల్లింది. "ఏం పెట్టావే ఆయనకి?"

"ఖాళీగా ఉండకూడదని మీరేగా అన్నారు పిన్నీ!"

"ఆయన నోరు పెగల్లేదంటే, రేపు పొద్దున నీ పెట్టె సర్దుకో."

సర్దుకుని ఎక్కడికి పోను? పరుగెత్తి పెరుగు గిన్నె తెచ్చి ముందు పెట్టాను. ఇంకానా తల్లీ అన్నట్టు చూశారు. అయినా తినేసి, మైకు దగ్గరికి వెళ్ళారు. దగ్గారు. మళ్ళీ దగ్గారు. తలుపు చాటున నేను అప్పటికే మనసులో చీరలు మడత పెట్టుకుంటున్నాను. అప్పుడు పెగిలింది గొంతు. ఆయన ఇంగ్లీషుని పిన్నే తెలుగులో చెప్పింది: "మా ఇంట్లో కంచంలో మెతుకు మిగిలితే మా అమ్మ లేవనిచ్చేది కాదు. అందుకే ఆ అమ్మాయి వడ్డించినంతసేపూ తిన్నాను. ఈ దేశం వచ్చిన కొత్తలో నేను మా వాళ్ళ బేస్‌మెంట్‌లో పడుకునేవాణ్ణి. ఇంత కొసరి పెట్టినవాళ్ళు అప్పుడు లేరు. ఓట్ల సంగతి తర్వాత, ముందు ఆమెకి అన్నం పెట్టండి." బేస్‌మెంట్ అన్నచోట పిన్ని కాస్త తడబడింది. హాలంతా నవ్వులు, చప్పట్లు.

"కూర్చోవే" అని పిన్నే నాకు వడ్డించింది. ఆవకాయ దగ్గరకొచ్చి, "మిగిల్చావో, చూడు!" అంది.

మర్నాడు పొద్దున్నే, ఆయన మనుషులు వదిలి వెళ్ళిన ఎన్నికల బోర్డుని తీగ కాళ్ళకి తొడిగి, పిన్ని ఇంటి ముందు గడ్డిలో గుచ్చాను. (ఆయన గెలిచారు. నా బోర్డు వల్ల మాత్రం కాదు.) ఇంగ్లీషు అక్షరాలూ వచ్చాక, ఆ పొద్దున దిగిన ఫోటో బయటికి తీసి చూస్తే బోర్డు మీద ఆయన పేరు తలకిందులుగా ఉంది. దాని పక్కన నేను నడుం మీద చెయ్యి వేసుకుని, ఎన్నిక గెలిచింది నేనే అన్నంత ధీమాగా నిలబడి ఉన్నాను.