డాక్టర్ లేని జట్టు

ఇప్పుడు చెబితే మా ఇంట్లోవాళ్లే నమ్మరు గానీ, ఆ రోజుల్లో నేను సిరొంచలో పేరున్న మనిషిని. పేరంటే చదువులోనో కొలువులోనో అనుకునేరు, అదేం కాదు. ఫోన్‌లో తుపాకీ పేల్చడంలో. వందమంది విమానంలోంచి ఒక దీవిలోకి దూకి, నలుగురేసి జట్లుగా ఒకళ్లనొకళ్లు కాల్చుకుంటే, ఆఖరికి మిగిలిన జట్టు గెలిచే ఆట అది. దేశమంతా ఆడింది, మేమూ ఆడాం. డిగ్రీ రెండో ఏడు పరీక్షలో ఏం రాశానో నాకిప్పుడు గుర్తులేదు (అప్పుడూ గుర్తులేదు, అందుకే తప్పాను) గానీ, ఆ దీవిలో ఏ మేడమీద ఏ తుపాకీ దొరుకుతుందో మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. ఇరవై ఏళ్ల వయసులో మనిషికి ఒక్క పని బాగా వస్తే చాలు, లోకంలో అన్ని పనులూ తనకే వచ్చనుకుంటాడు. నేనూ అనుకున్నాను.

మేం ఆడేది ప్రాణహిత ఒడ్డున, ఘాట్ మెట్ల మీద. ఊళ్లో సిగ్నల్ వచ్చీరానట్టుండేది. మెట్లమీద కూర్చుంటే అవతలి ఒడ్డు తెలంగాణ టవర్ మామీద దయతలిచేది. మహారాష్ట్రలో కూర్చుని తెలంగాణ సిగ్నల్‌తో ఎక్కడో లేని దీవిలో యుద్ధం చేసేవాళ్లమన్నమాట. నలుగురం. ట్రాక్టర్ అనేవాడికి ఆటలో జీపు కనిపిస్తే యుద్ధం మరిచిపోయి తోలుకుంటూ పోవడమే పని (ఇంట్లో వాళ్ల నాయన ట్రాక్టర్ తాళం ఇవ్వడు, ఆ కసంతా అక్కడ). నిమ్మలం అనేవాడు ఏం చెప్పినా "వస్తున్న తియ్, నిమ్మలం" అనేవాడు, అతను వచ్చేలోపు అంతా అయిపోయేది. నేను షూటర్ని. నాలుగోవాడు డాక్టర్.

డాక్టర్ మా వెనకగల్లీలోవాడు, ఒకటో తరగతి నుంచీ నా పక్కన కూర్చున్నవాడు. అతని గురి ఎంత ఘోరమంటే, ఎదురుగా నిలబడ్డవాణ్ని వదిలేసి వాడి వెనకున్న గోడను కొట్టేవాడు. అందుకని తుపాకులన్నీ మాకు పంచి, తను దొరికిన కట్లూ మందులూ సంచీలో నింపుకుని తిరిగేవాడు. ఆ ఆటలో దెబ్బ తగిలితే వెంటనే చావం. మోకాళ్లమీద పడి పాకుతుంటాం. జట్టులో ఎవరైనా వచ్చి పక్కన కాసేపు కూర్చుంటే లేస్తాం, లేకపోతే పోతాం. గుండ్ల వానలో కూడా "ఆగు కాకా, వస్తున్న, పాణం పట్టుకోని ఉండు" అంటూ డాక్టర్ ఉరికొచ్చేవాడు (మా దిక్కు దోస్తును కాకా అంటాం). అతను నన్ను ఎన్నిసార్లు లేపాడో నేనెప్పుడూ చూసుకోలేదు. నేనెందర్ని కొట్టానో మాత్రం ప్రతి సాయంత్రం అందరికీ వినిపించేవాణ్ని.

ఇంకో సంగతి చెప్పాలి. తూర్పు, పడమర అని తెర పైన రాసి ఉన్నా మాకు తిన్నగా తలకెక్కేవి కావు. ఆ కంగారులో దిక్కులకు మా ఊరి లెక్కే వాడేవాళ్లం. ఉత్తరమంటే అహేరి, పడమరంటే చెన్నూరు, దక్షిణమంటే కాళేశ్వరం, తూర్పంటే అసరెల్లి. "అహేరి దిక్కుకెల్లి ఇద్దరొస్తుండ్రు, అసరెల్లి దిక్కు చెట్టెనక ఒకడున్నడు, కాకా వంగు" అని డాక్టర్ చెప్తూనే ఉండేవాడు. అతను కాల్చడు కదా, చుట్టూ చూడ్డానికి అతనికి తీరికుండేది. చూసి చెప్పేది అతను, తిరిగి కొట్టేది నేను, పేరు నాది.

అంతలో అహేరిలో పెద్ద పోటీ పెడుతున్నారని తెలిసింది. అప్పటికే డాక్టర్ మేనమామ అతనికి జమ్మికుంట దిక్కు పత్తి మిల్లులో పని చూసి, బయల్దేరి రమ్మని ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. డాక్టర్ వాళ్లమ్మను బతిమాలి పదిహేను రోజులు ఆగాడు. "అహేరిల ఒక్కసారి మనం నలుగురం ఆడినంక వోత. ఇగ మల్ల ఎప్పుడు గలుస్తమో ఏమో" అన్నాడు మెట్లమీద. ఆ మాట మేం ముగ్గురం విన్నాం.

విన్న నేనే ఏం చేశానో చూడండి. అల్లపల్లిలో ఒకడున్నాడు, అందరూ తోపు అంటారు, గురి నాకంటే మేలు. డాక్టర్ బదులు నాలుగోవాడు కూడా షూటరైతే మనల్ని ఆపేదెవరు అని నాకో దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. ఫోన్ చేసి వాణ్ని ఒప్పించాను. డాక్టర్‌కు మాత్రం చెప్పలేదు. బస్సులో చెబుదామనుకున్నాను. సిరొంచ నుంచి అల్లపల్లికి ఆ గుంతల రోడ్డుమీద సర్కారు ఎస్టీ బస్సు నాలుగు గంటలు ఊగింది. ఆ నాలుగు గంటలూ వచ్చే స్టాపు దాటాక చెబుదామనుకుంటూనే గడిచిపోయాయి. కడుపులో తిప్పుతుందని డాక్టర్ నాకు కిటికీ సీటిచ్చాడు. వాళ్లమ్మ చేసిచ్చిన సర్వపిండి తుంచి పెట్టాడు. తిన్నాను. సిగ్గులేకుండా రెండోది కూడా తిన్నాను.

అల్లపల్లిలో తోపు ఎక్కాడు. డాక్టర్ జరిగి చోటిచ్చి, అతనికీ ఒక ముక్క ఇచ్చి, నా చెవిలో అడిగాడు. "ఎవలు కాకా ఈయన?"

"ఆడనీకి వస్తుండు."

"మనం నలుగురమే గద?"

నేను కిటికీలోంచి టేకు చెట్లు చూశాను. అంత శ్రద్ధగా టేకు చెట్లను అటవీశాఖ వాళ్లు కూడా చూసి ఉండరు. ట్రాక్టర్ తల దించుకున్నాడు. నిమ్మలం నిద్ర నటించాడు. చివరికి డాక్టరే అన్నాడు. "అట్లనా. మంచిదే తియ్, ఆయన మస్తు కొడ్తడంటరు. నేను చార్జర్లు పట్టుకుంట."

అహేరిలో ఫంక్షన్ హాలు నిండా జనం. మూడు ఆటలు. మా సంగతి మొదటి ఆటలోనే తేలిపోయింది. "అసరెల్లి దిక్కు, అసరెల్లి దిక్కు!" అని నేను అరుస్తుంటే తోపు, పాపం మరాఠీ హిందీ తప్ప మా తెలుగూ, మా దిక్కుల లెక్కా తెలియనివాడు, ఆటలో మ్యాప్ తెరిచి అసరెల్లి ఎక్కడుందా అని వెతుకుతున్నాడు! వెతుకుతుండగానే వెనక నుంచి కొట్టారు. తర్వాత వాడు మమ్మల్ని నమ్మడం మానేసి తన దారిన తను పోయాడు. నేను నా దారిన పోయాను. ట్రాక్టర్‌కు జీపు దొరికింది. మూడో ఆటలో నేను మోకాళ్లమీద పడి ఒక గోడ పక్కన పాకుతూ "ఎవలన్న రాండ్రి, జల్ది రాండ్రి" అని మొత్తుకుంటే నిమ్మలం "వస్తున్న" అన్నాడు. రాలేదు. తోపు వచ్చాడు గానీ, నన్ను దాటుకుని ఎవణ్నో తరుముతూ పోయాడు. ఆ గోడ పక్కనే పోయాను.

జట్ల వరుసలో మేం అందరికంటే కింద. ఎక్కువమందిని కొట్టినవాళ్ల వరుసలో నేను అందరికంటే పైన. నన్ను స్టేజీమీదకు పిలిచి ఒక ప్లాస్టిక్ కప్పు చేతిలో పెట్టారు. నా జట్టువాళ్లు నేలచూపులు చూస్తున్నారు. చప్పట్లు కొట్టింది వెనక కుర్చీలో మెడ చుట్టూ చార్జర్ల వైర్లు వేసుకుని కూర్చున్న డాక్టర్ ఒక్కడే. తిరుగు బస్సులో కూడా అతనే, తోపు మ్యాప్‌లో అసరెల్లి వెతికిన తీరు చేసి చూపించి అందరినీ నవ్వించాడు. మర్నాడు పొద్దున్నే జమ్మికుంటకు వెళ్లిపోయాడు. ట్రాక్టర్, నిమ్మలం సాగనంపారు. నేను కడుపునొప్పని ముసుగుతన్నాను. నొప్పి నిజమే, కడుపులో మాత్రం కాదు.

కొన్నాళ్లకు ఆ ఆటే దేశంలో బంద్ అయింది. ట్రాక్టర్‌కు తాళం దొరికింది, పొలం పనిలో పడ్డాడు. నాకు గడ్చిరోలిలో గుమాస్తా పని దొరికింది. డాక్టర్ పండగలకు వచ్చిపోతాడని వినేవాణ్ని, ఎప్పుడూ ఎదురుపడలేదు. ఎదురుపడకుండా నేనే తిరిగాను. అతని పెళ్లికి కూడా వెళ్లలేదు.

మొన్న ఎండాకాలం అహేరి బస్టాండులో డాక్టర్‌కు దొరికిపోయాను. భుజాన సంచీతో సిరొంచ బస్సు కోసం నిలబడి ఉన్నాడు. జుట్టు పల్చబడింది. తప్పించుకునే దారి లేదు. "ఆనాడు నేను జేసింది తప్పురా. నిన్ను దీసేసుడు..." అన్నాను.

అతను భుజాన సంచీ దించి కింద పెట్టాడు. మర్చిపోయాను లేరా అంటాడనుకున్నాను. అనలేదు.

"తప్పు నీదొక్కందే గాదు కాకా. ఆనాడు మీరు ఓడిపోతుంటే నాకు మస్తు ఖుషీ అయింది. ఎనక కుర్చీల గూసోని, ఇంక వడాలె, ఇంక వడాలె అని దేవునికి మొక్కిన. నువ్వు గోడకాడ పాక్కుంట ఒర్లుతుంటే నవ్వొచ్చింది నాకు. ఎవ్వలకు ఎన్నడు గట్ల కోరుకోలె నేను. ఆ చప్పట్లు గూడ గందుకే గొట్టిన. సిగ్గయింది. ఊరికొచ్చినా నీ మొకం సూడబుద్ధిగాలె."

ఇన్నేళ్లూ నేనతన్ని దేవుడంతటివాణ్ని చేసి మనసులో దండం పెట్టుకుంటున్నాను. దండం పెట్టుకుంటే ఎదురుపడే పని ఉండదు కదా. అతనేమో ఎవరికీ చెడు కోరని తను చెడు కోరానని కుమిలిపోతున్నాడు. చెడు కోరడం అతనికి నేర్పిందీ నేనే. బస్టాండులో అందరిముందూ నాకు ఏడుపొచ్చింది. అతను నా భుజం తట్టి ఏదో అనబోయాడు. బస్సు వచ్చింది. కిటికీలోంచి నంబరు చెప్పాడు, రాసుకున్నాను. నాది అతనూ రాసుకున్నాడు.

అది జరిగి నాలుగు నెలలు. నేను ఫోన్ చేయలేదు, అతనూ చేయలేదు. ఆదివారం చేద్దామనుకుంటాను. ఆదివారం ఇంట్లో ఉంటాడో లేదో అనుకుంటాను. పిల్లల గురించి అడగాలా, పని గురించి అడగాలా అని మాటలు కూర్చుకుంటాను. ఫోన్ తీసి, పేరు దాకా వెళ్లి, మళ్లీ జేబులో పెట్టుకుంటాను. ఘాట్ మెట్లమీద కూర్చున్న ఆ ఇరవై ఏళ్ల పొగరుబోతును తలచుకుంటే ఒక్కోసారి నవ్వొస్తుంది. వాడు వెధవే, కాదనను. కానీ వాడికి డాక్టర్‌తో మాట్లాడాలంటే గల్లీ చివర నిలబడి గట్టిగా ఒక్క కేక వేస్తే సరిపోయేది.