గౌరీశంకర్ ఆరేళ్ళ స్టాకు

మా ఎదురింటి గౌరీశంకర్‌కి ఏదైనా దొరకదన్న మాట చెవిన పడితే చాలు, కారు తాళాలు చేతిలోకి వచ్చేస్తాయి. ఆమధ్య ఇండియా నుంచి అమెరికాకి బియ్యం రావట్లేదని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన అరగంటకల్లా మా ఊరు రెడ్‌మండ్‌లోని ఇండియన్ స్టోర్ ముందు క్యూలో ఉన్నాడు. పద్నాలుగు బస్తాలు తెచ్చాడు. ఇంట్లో తినేది ఇద్దరు. పురుగు పడుతుందేమోనని ఆయన భార్య ఆండాళ్ గారు నెల రోజులు వీధిలోని తెలుగువాళ్ళందరికీ పులిహోర పంచారు. నేనూ తిన్నాను కాబట్టి ఎక్కువ వెక్కిరించలేను.

మనిషి మంచివాడు. యాభై రెండేళ్ళు. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం ఉద్యోగం. పాతికేళ్ళు సిగరెట్లు కాల్చి, నాలుగేళ్ళ క్రితం ఛాతీలో నొప్పి వచ్చి డాక్టర్ చేత చివాట్లు తిన్నాక వేప్ పట్టుకున్నాడు. పెన్ను లాంటి మిషన్‌లో నికోటిన్ ద్రవం పోసుకుని పీల్చి, మామిడిపండు వాసన వదులుతుంటాడు. అదీ మంచిది కాదని కూతురు శ్రుతికి తెలుసు. సియాటెల్‌లో ఫార్మసిస్టు ఆ పిల్ల. అందుకే ఒక షరతు మీద ఒప్పుకుంది. ఆరు నెలలకోసారి నికోటిన్ తగ్గించాలి, వచ్చే జనవరికి సున్నా కావాలి. ఈయన పద్దెనిమిది మిల్లీగ్రాముల ద్రవం నుంచి మూడుకి దిగాడు. ఆ పిల్ల కనబడిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది.

ఇంతలో అక్టోబర్‌లో కబురొచ్చింది. కొత్త సంవత్సరం నుంచి వేప్ సరుకు మీద బోలెడు పన్నట. ఫ్లేవర్లు నిషేధిస్తారని కూడా ఎవరో అన్నారు. ఇక ఈయన ఆగుతాడా?

"గురూ, ఒక్క షాపుకి వెళ్ళొద్దాం, కార్‌లో కూర్చోండి చాలు," అన్నాడు ఓ శనివారం. ఒక్క షాపు నాలుగు షాపులైంది. కాయిల్స్, బ్యాటరీలు, సీసాల మీద సీసాలు. చివరి షాపువాడు, మీరూ షాపు పెడుతున్నారా అని అడిగాడు. ఈయన మురిసిపోయాడు.

"మూడుది కాకుండా పన్నెండుది ఎందుకు కొన్నారు?" అన్నాను.

"స్ట్రాంగ్‌ది కొంటే డైల్యూట్ చేసుకోవచ్చు గురూ. నాలుగింతలు వస్తుంది. ఫ్రీజర్‌లో పెడితే పాడవదట."

గ్యారేజ్‌లోని రెండో ఫ్రిజ్ అలా నిండిపోయింది. ఆండాళ్ గారు నన్ను చూడగానే మొదలుపెట్టేవారు. "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. నా గోంగూర తీసి బయట పడేశారు. మీరు కూడా వెళ్ళారట కదా!" నాకు నిజంగానే సిగ్గేసింది.

నవంబర్‌లో థాంక్స్‌గివింగ్ పండుగ రోజు వాళ్ళింట్లోనే భోజనం. తురిమిన కొబ్బరి తెమ్మని ఆండాళ్ గారు శ్రుతిని గ్యారేజ్‌లోకి పంపారు. కొబ్బరి రాలేదు. సీసాలున్న ఓ అట్టపెట్టె పట్టుకుని శ్రుతి వచ్చింది.

"నాన్నా, ఇదంతా ఎన్ని ఇయర్స్‌కి?"

"ఆరేళ్ళకి ఢోకా లేదు," అన్నాడు ఆయన హుషారుగా. తప్పులు పట్టుకునే ఉద్యోగం చేసే మనిషికి తానేమన్నాడో అప్పటికీ తట్టలేదు.

"జనవరికి జీరో అన్నావ్ కదా. జీరో అయ్యేవాళ్ళు సిక్స్ ఇయర్స్‌కి కొంటారా?"

పన్ను గురించి ఏదో చెప్పబోయి గౌరీశంకర్ మధ్యలో ఆపేశాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఆయన మీద ఒళ్ళు మండింది. షాపుల వెంట తిరిగిన నా మీద ఇంకా ఎక్కువ మండింది.

"మాట ఇచ్చినప్పుడు నిజంగానే ఇచ్చానమ్మా," అన్నాడాయన, కుర్చీలోంచి లేవకుండానే. "ఇది దొరక్కపోతే మళ్ళీ సిగరెట్ కొంటానేమోనని భయం. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. నా మీద నాకే నమ్మకం లేదు, నీకేం చెప్పను?"

శ్రుతి పెట్టె బల్ల మీద పెట్టి పక్కన కూర్చుంది. "అది నాకు చెప్పాలి నాన్నా. ఫ్రీజర్‌లో దాచుకుంటే ఎలా?"

పారెయ్యమంటుందేమో అనుకున్నాను. అనలేదు. సీసాలన్నీ తన కార్‌లోకి ఎక్కించింది. ఆదివారం ఆదివారం తన అపార్ట్‌మెంట్‌కి వచ్చి, భోంచేసి, వారానికి సరిపడా ఒక్క సీసా తీసుకెళ్ళమంది. ఎంత కలపాలో తనే చూసుకుంటానంది. జనవరి గడువు కూడా తీసేసింది. ఆండాళ్ గారు మర్నాడే ఫ్రిజ్ కడుక్కున్నారు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం గౌరీశంకర్ సియాటెల్‌కి డ్రైవ్ చేస్తాడు. వంతెన మీద ట్రాఫిక్ గురించి సోమవారం నాకు చెప్పి విసిగిస్తాడు. ఆ పిల్ల సాంబార్‌లో ఉప్పు తక్కువట. వేరే ఏదో ఉద్యోగం చూస్తోందట. వీకెండ్ ఫోన్‌లో ఇన్నాళ్ళూ ఈ సంగతులేవీ రాలేదట. సీసా సంగతి మాత్రం ఎత్తడు. నేనూ అడగను.

మార్చి చివర్లో ఒక సోమవారం పొద్దున్న ఇద్దరం ఒకే కార్‌లో ఆఫీస్‌కి వెళ్తున్నాం. శ్రుతి ఫోన్ చేసింది. స్పీకర్‌లో ఆ పిల్ల గొంతు కంగారుగా ఉంది.

"నాన్నా, నిన్న బాటిల్ మర్చిపోయావ్. ఇక్కడే ఉంది. లంచ్‌కి తెచ్చి ఇవ్వనా?"

గౌరీశంకర్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

"మర్చిపోలేదమ్మా," అన్నాడు.