గోదురుకప్పగారి మొగుడు

ఆ రోజుల్లో ఈ మంచుదేశంలో, ఓక్‌విల్ ఊరి తెలుగువాళ్లలో నా అంత పొడుగు ఆడది లేదు, మా ఆయనంత పొట్టి మగాడూ లేడు. (దేవుడు మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి కొలవడం మరిచిపోయినట్టున్నాడు.) కార్ల ఫ్యాక్టరీలో ఆయన పని. ఆయన తల నా భుజానికి వచ్చేది. కొత్త కాపురం కదా, నలుగురిలోకి వెళితే ఆయన చిన్నబోకూడదని నేను మెడా మోకాళ్లూ వంచి నడిచేదాన్ని. సాయంత్రానికి నడుము పట్టేసేది. ఫొటో అన్నారంటే చాలు, కుర్చీ వెతుక్కునేదాన్ని.

మంచు కరిగాక ఒక ఆదివారం నాలుగు కుటుంబాలం అడవిలోని చెరువు దగ్గరికి వెళ్లాం. అక్కడ కప్పలను చూపించే గైడమ్మ ఒకావిడ ఉంది. చలికాలమంతా వెనక కాళ్లతో మట్టి తవ్వుకుని లోపల పడుకునే గోదురుకప్పలు, నేల వెచ్చబడగానే అడవి వదిలి నీళ్లకు వస్తాయట. మగవి గొంతు బుడగలా ఉబ్బించి, ఊపిరి తిప్పుకోకుండా ‘ట్ర్ర్ర్ర్’ అని ఒకటే సాగదీత. అంతలో ఒక పెద్ద కప్ప, వీపు మీద చిన్న కప్పతో, ఒడ్డున కాళ్లీడ్చుకుంటూ పోతోంది. “పాపం, ఎదిగిన పిల్లను ఇంకా మోస్తోంది చూడండి!” అంటూ ఆ చిన్నదాన్ని లాగి పట్టుకున్నాను. అది కిచకిచమని నన్ను తిట్టి, చేయంతా తడిపేసింది.

గైడమ్మ పరుగున వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. అది విని, మాతో వచ్చిన కర్నూలు వదిన గడ్డిలో కూలబడి ఒకటే నవ్వు. “అది బిడ్డ కాదుమే, మొగుడంట! ఈ కప్పల్లో ఆడదే పెద్దదంట, మగోడు ఇంతే ఉంటాడంట. ఎంత పని చేస్తివి, పచ్చని కాపురం కూల్చితివి గదా!”

అందరి చూపులూ నా మీది నుంచి మా ఆయన మీదికి, మళ్లీ నా మీదికి. అలవాటుగా ముడుచుకుపోయాను. ఇంక ఈ మనిషి నన్ను నలుగురిలోకి తీసుకురాడు అనుకున్నాను. ఆయన మాత్రం నా చేతిలోంచి కప్పను తీసుకుని, పెద్దదాని పక్కన వదిలి, “వెళ్లు బాబూ, మన అదృష్టం అందరికీ ఉండదు” అన్నాడు. తరవాత నా వైపు తిరిగి, “నువ్వూ నిటారుగా నిలబడవే. ఇంత ఎత్తు పెళ్లాం నాదని వీళ్లకు తెలియొద్దూ?”

ఆ రోజు తీసిన ఫొటోలో నేను జెండాకర్రలా ఉంటాను. నా భుజం పక్కన ఆయన, ఆ కర్ర పాతింది తనే అన్నంత గర్వంగా.

ఆయన పోయాక కూడా ఏటా ఆ చెరువుకు వెళుతున్నాను. ఆ కప్పలు గుడ్లను దండలుగా పెడతాయి. నీళ్లలో అచ్చం నల్లపూసలే. నా మెడలో అవి ఇప్పుడు లేవు. కానీ ఆ పూసలు చూడడానికి తప్ప ఈ మెడను మళ్లీ దేనికీ వంచలేదు. (మోకాళ్లంటారా, అవి నన్ను అడక్కుండానే వంగుతున్నాయి.)