బట్టతల మీద చుండ్రు

మా కళ్ళజోళ్ళ షాపులో మాస్టారికి ఒకటే పిచ్చి. ఎవరు లోపలికి వచ్చినా, నమస్కారం కంటే ముందు తన చుండ్రుకి క్షమాపణ చెప్పేవారు.

"రండి, కూర్చోండి. ఏదైనా వాసన వస్తే అది నా తలదేనండీ. మొండి చుండ్రు, ఏం చెయ్యమంటారు!"

వచ్చినవాళ్ళు ఆయన తలవైపు చూసి తెల్లబోయేవారు. అక్కడ తల ఉంది గానీ జుట్టు లేదు. చెవుల పైన నాలుగు పోగులు తప్ప, మిగతాదంతా షాపులో అద్దాలకంటే నున్నగా మెరిసేది. ఆ నాలుగు పోగులకీ ఆయన పూయని మందు లేదు. ఒకరోజు నిమ్మరసం, ఒకరోజు పెరుగు, మర్నాడు మందుల షాపువాడు ఏది ఇస్తే అది.

"బట్టతలకి చుండ్రేమిటి మాస్టారూ, విడ్డూరం కాకపోతే!" అని క్యాషియరక్క ఆటపట్టించేది.

"మనుషులు ఖాళీ చేసిన ఇంట్లోనే కదమ్మా బూజు పట్టేది!"

ఆయన పక్క కుర్చీలో కూర్చుని నేను పని నేర్చుకునేదాన్ని. ఫ్రేము వచ్చినవాళ్ళ ముక్కు మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి, చెవుల వెనక వంపు సరిచెయ్యాలి. అలా వంగినప్పుడు నా తల వాళ్ళ ముక్కు కిందకి వచ్చేది. వాళ్ళు మొహం చిట్లిస్తే మాస్టారు వెంటనే "నాదే, నాదే" అని చెయ్యెత్తేవారు. పాపం, ఈ వయసులో ఈయనకి ఇదేం ఖర్మ అని జాలిపడేదాన్ని.

నా తలలోంచీ పొట్టు రాలుతుండేది. తల ఎండిపోయి అలా అవుతోందని మా నాయనమ్మ తేల్చేసింది. రోజూ జిడ్డు కారేలా నూనె పట్టించేది.

ఒకరోజు మాస్టారు పెద్ద షాంపూ సీసా కొనుక్కొచ్చి నా ముందు పెట్టారు. "నాలుగు పోగులకి ఇంత సీసా ఎందుకు కొన్నానో! పట్టుకెళ్ళమ్మాయ్. నూనె మానేసి, నురగ ఐదు నిమిషాలు ఉంచి కడగాలట. పనిచేస్తే నాకు చెప్పు, నాకూ ధైర్యం వస్తుంది."

మా నాయనమ్మ ఆ సీసాని అటక ఎక్కించింది. "మందులు పూస్తే ఉన్న జుట్టూ ఊడుతుంది. మీ మాస్టారి తల చూడలేదూ?"

మాస్టారికి షాపు ముందున్న ఆ కౌంటరంటే ప్రాణం. కొత్త కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళు వీధిలోకి చూసి, "అబ్బ! ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయే!" అంటే, ఆ పూటకి ఆయనకి అన్నం కూడా అక్కర్లేదు.

ఒకరోజు ఎవరో వాసన గురించి మా ఓనరుకి గట్టిగా ఫిర్యాదు చేశారు. ఓనరు మా ఇద్దరి ముందుకూ వచ్చి, "ఎవరిది?" అన్నాడు.

"నాదే సార్. అందరికీ చెబుతూనే ఉన్నానుగా."

"అయితే రేపట్నించి వెనక గదిలో అద్దాలు అరగదియ్యండి."

కిటికీ లేని గది. పొద్దస్తమానం యంత్రం రొద. మాస్టారు వెళ్ళి కూర్చున్నారు.

మర్నాడు ఒకావిడకి ఫ్రేము సరిచేస్తుంటే ఆవిడ వెనక్కి జరిగి, "ఏమిటమ్మా ఈ వాసన?" అంది. "మా మాస్టారిదండీ" అనబోయాను. పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

వెనక గదికి పరిగెత్తాను.

"మాస్టారూ, ఆ వాసన నాదా?"

ఆయన యంత్రం ఆపకుండానే, "నీదెలా అవుతుందమ్మాయ్? నాది మహా మొండిది. గోడలు దాటి వస్తుంది" అన్నారు.

ఆ సాయంత్రమే నాయనమ్మతో పోట్లాడి సీసా దింపాను. కొన్ని వారాలకి పొట్టూ తగ్గింది, వాసనా పోయింది. ఓనరు దగ్గరికి వెళ్ళి నిజం చెప్పేశాను. కానీ ఆ కుర్చీలోకి అప్పటికే కొత్త మనిషి వచ్చాడు. మాస్టారు అక్కడే సర్దుకున్నారుగా అన్నాడు ఓనరు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట.

ఎవరైనా వీధిలోకి చూసి "అబ్బ!" అంటే, ఆ మాట చెప్పడానికి వెనక గదికి వెళ్ళేదాన్ని. రొదలో ఆయనకి సగమే వినబడేది. అయినా నవ్వి తలూపేవారు. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు మనసులో ఉండదు.

మాస్టారు పని మానేసే రోజున తన కళ్ళజోడు మార్పించుకోవడానికి కౌంటరు ముందు కూర్చున్నారు. నేనే వంగి చెవుల దగ్గర సరిచేశాను. నా తల సరిగ్గా ఆయన ముక్కు కింద ఉంది. మాస్టారు తీరిగ్గా, గట్టిగా ఒక్కసారి ఊపిరి పీల్చారు.

"అమ్మయ్య! మొత్తానికి నా చుండ్రు వదిలిందమ్మాయ్" అన్నారు.