మూడు ముక్కల గైడు

1979లో నన్ను కాజీపేట అవతల ఒక చిన్న స్టేషన్లో పాయింట్స్‌మన్‌గా వేశారు. వచ్చే బండి ఏ లైను మీదికి పోవాలో ఆ లైనుకు పట్టాలు కలిసేట్టు పాయింట్ తిప్పడం, దానికి తాళం పడిందో లేదో చూడడం పాయింట్స్‌మన్ పని. తర్వాత లీవర్‌మన్, ఆ పైన కేబిన్‌మన్ అయ్యాను, కేబిన్‌మన్‌గానే రిటైరయ్యాను. అన్ని బళ్లను దారిలో పెట్టినవాణ్ని, నన్ను నేను తొమ్మిదో తరగతి దాటించలేకపోయాను. మా హెడ్మాస్టరు గారు నా టీసీ మీద 'ప్రవర్తన: సంతృప్తికరం' అని రాశారు. నేను ఇక బడికి రానన్నందుకు ఆయనకు కలిగిన సంతృప్తి అదేనని నాకు ఇప్పటికీ అనుమానం.

అనుమానం మాట వచ్చింది కాబట్టి, ఈ ఉద్యోగానికి పరీక్ష రాసే ముందు నెల రోజుల సంగతి చెప్తాను.

అప్పుడు నేను మట్టెవాడలో మా పెదనాయన సైకిల్ షాపులో పని చేస్తున్నాను. షాపు మీది గదిలో వర్ధన్నపేట నుంచి వచ్చిన సారయ్య కిరాయికి ఉండేవాడు. మూడోవాడు యాకూబ్. వాళ్ల నాయన కాజీపేటలో ఇంజన్ మీద బొగ్గు వేసే ఫైర్‌మన్. ముగ్గురం ఒకే పోస్టుకు దరఖాస్తు పెట్టాం. ఎనిమిది పాసైతే చాలు, వయసు ఇరవై అయిదు దాటకూడదు. నాకూ సారయ్యకూ ఇంకా ఏళ్లున్నాయి. యాకూబ్‌కు అదే ఆఖరి అవకాశం. మళ్లీ నోటిఫికేషన్ పడేనాటికి అతనికి వయసు దాటుతుంది.

ముగ్గురం కలిసి ఒకే గైడు కొన్నాం. ఒకడు చదువుతుంటే ఇద్దరు కిటికీలోంచి చూస్తూ కూర్చోవాల్సి వస్తుందని దాన్ని మట్టెవాడలోనే బైండింగ్ చేసే ఖాదర్ చాచా దగ్గరికి తీసుకుపోయి మూడు ముక్కలు చేయించాను. ఒకటి లెక్కలు, రెండోది జనరల్ నాలెడ్జి, మూడోది ఇంగ్లీషూ చివర రైల్వే సంగతులూ. నాలుగు రోజులకోసారి ముక్కలు మార్చుకోవాలని ఒప్పందం.

మొదటి వంతులో లెక్కలు నాకొచ్చాయి. నాలుగు రోజులయ్యాక ఇమ్మంటే, లోతుగా చేస్తున్నాను, ఇంకో వంతు ఉండనీయండన్నాను. నిజానికి నేను అట్ట కూడా తెరవలేదు. అది నా దిండు కింద ఉంది. ఇస్తే, సారయ్య ఏదో ఒక లెక్క అడుగుతాడు, నా లోతు బయటపడుతుంది. కాబట్టి మిగతా రెండు ముక్కలే చేతులు మారాయి. యాకూబ్ చదివిన మూడో ముక్క సారయ్యకు వచ్చింది.

ఆ సాయంత్రమే సారయ్య షాపులోకి దిగి వచ్చాడు. ముక్క చివరి పేజీలో 'సిగ్నళ్లు ఎన్ని రకాలు?' అని ప్రశ్న ఉంది. జవాబు లేదు. ఆ తర్వాత పేజీలే లేవు. గైడు మొత్తం నూటతొంభై రెండు పేజీలని అట్ట మీద రాసి ఉంటే, ఇది నూటడెబ్బై ఆరు దగ్గర ఆగింది. పదహారు పేజీలు మాయం. అవి కూడా రైల్వే సంగతులు! పరీక్షలో సగం అక్కడినుంచే వస్తుందని ఊరంతా చెప్పుకుంటున్న పేజీలు.

మర్నాడు యాకూబ్‌ను అడిగాం. "గైడు గక్కడికే అయిపోయింది అనుకున్న," అన్నాడు.

"ప్రశ్న ఉండి జవాబు లేకపోతె, నీకు డౌట్ రాలేదా?"

"జవాబు నాకు ఎరుకే గదరా. మా బాబా రోజు చూసే సిగ్నళ్లే. ఇగ డౌట్ ఎందుకొస్తది?"

ఈ మాటే అతని కొంప ముంచింది. తెలిసినవాడికి దొంగతనం ఎందుకు అని సారయ్య మెత్తబడ్డాడు గానీ నేను ఊరుకోలేదు. తనకు తెలుసు కాబట్టే, ఇంకొకరికి తెలియకుండా చింపాడని తేల్చాను. ఆ తెలివి లెక్కల మీద పెట్టి ఉంటే స్టేషన్ మాస్టర్‌నయ్యేవాణ్ని. కుట్టు చూశాను, దారం కొత్తగా ఉంది. కొత్తగా కుట్టించింది నేనే అన్నది గుర్తుకు రాలేదు. యాకూబ్ సంచీ ఉబ్బుగా కనిపించినా అనుమానమే, పల్చగా కనిపించినా అనుమానమే. ఎదురుపడితే "పదహారు పేజీల నవాబు వస్తాండు, లేచి నిలబడుండ్రి" అనేవాణ్ని. అతను మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానాడు. మానేసరికి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

ఒకరోజు యాకూబ్ లేని వేళ చూసి కాజీపేటలో వాళ్ల క్వార్టర్‌కు పోయాను. వాళ్లమ్మ చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే గూట్లో దారం కట్టిన కాగితాల కట్ట కనిపించింది. లాగి చూస్తే వాళ్ల నాయన జీతం చీటీలు. తిరిగి కడుతుండగా ఆమె గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఏం దేవులాడుతానవ్ బేటా?"

"అగ్గిపెట్టె, చాచీ."

"నువ్వు బీడీ తాగవు గదా?"

"ఇయ్యాళ షురూ చేద్దామనుకున్న."

ఆమె చాయ్ ఇచ్చింది, అగ్గిపెట్టె కూడా ఇచ్చింది. సాయంత్రం యాకూబ్ వచ్చి తన దగ్గరున్న జనరల్ నాలెడ్జి ముక్కను షాపు బల్ల మీద పెట్టాడు. "మా అమ్మ ముంగట మా ఇల్లు సోదా చేసినవ్. ఇగ మీ గైడు మీరే చదువుకోండ్రి," అని వెళ్లిపోయాడు. పరీక్షకు అప్పటికి మూడు వారాలు కూడా లేవు.

పరీక్ష ఇంకో ఆరు రోజులుందనగా, ఇక లాభం లేదని దిండు కింద చేయి పెట్టాను. మొదటి లెక్క చూసి భయమేసి వెనకనుంచి మొదలుపెడదామని తిప్పాను. చివర లెక్కల్లేవు. 'సిగ్నళ్లు మూడు రకాలు' అని ఉంది. పేజీ నూటడెబ్బై ఏడు.

సారయ్యను పిలిచి చూపించాను. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, అప్పుడు కూడా నా నోట మొదట వచ్చిన మాట, "యాకూబ్‌గాడు ఎప్పుడొచ్చి కలిపిండో!"

సారయ్య నా మొహం వైపు చూశాడు. "ఇన్ని దినాలు నీ తలకాయ కిందనే ఉండె గదరా. వాడు నీ తలకాయ లేపి కలిపిండా? లెక్కలు లోతుగ చేస్తాన్నంటివి, ఎంత లోతుకు పోయినవ్? పరుపు దాకనా?"

ఖాదర్ చాచా దగ్గరికి పోయాం. పుస్తకాలు పదహారేసి పేజీల కట్టలుగా అచ్చవుతాయి, ఒక్కో కట్టను ఫారం అంటారు. చాచా పని ఆపకుండానే చెప్పాడు: "మూడో ముక్క మందమైంది, సూది దిగుతలేదు, ఆఖరు ఫారం తీసి లెక్కల ముక్కకు కుట్టిన. ఆ దినమే జెప్పిన గదా. నువ్వు ఇంటివా? చాయ్ హోటలోనితోని నవ్వుకుంట నిలబడ్డవ్."

లెక్కల ముక్క తీసుకుని ఒక్కణ్నే కాజీపేట పోయాను. యాకూబ్ క్వార్టర్ ముందు అరుగు మీద, ఎవరి దగ్గరో ఒక పూటకు అడిగి తెచ్చుకున్న పుస్తకంలోంచి లెక్కలు ఎత్తి రాసుకుంటున్నాడు. జరిగింది చెప్పి, అలవాటు కొద్దీ, చివర ఏదో హాస్యమాడబోయాను.

"నవ్వియ్యకు," అన్నాడు. "నువ్వు నవ్విస్తే నేను నవ్వాలె. నాకిప్పుడు తీరిక లేదు. ఇంక ఎన్ని దినాలున్నయ్?"

"ఆరు."

ముక్క తీసుకుని లోపలికి పోయాడు.

పరీక్ష హన్మకొండలో ఒక బడిలో జరిగింది. ఆ పదహారు పేజీల్లోంచి వచ్చింది ఒకే ఒక్క ప్రశ్న. సగానికి పైగా లెక్కలే. నేను ఎలా పాసయ్యానో, ఆ విషయంలో నన్ను నేనే ఇప్పటికీ అనుమానిస్తాను. సారయ్యకు రాలేదు, వర్ధన్నపేట పోయి వ్యవసాయం చూసుకున్నాడు. యాకూబ్ పేరు మొదటి జాబితాలో లేదు, రెండో జాబితాలో వచ్చింది. నాకంటే ఎనిమిది నెలలు ఆలస్యంగా చేరాడు. రైల్వేలో ప్రమోషన్, కోరుకున్న చోటికి బదిలీ, క్వార్టర్, అన్నీ చేరిన తేదీని బట్టే. ఆ ఎనిమిది నెలలు రిటైరయ్యేదాకా అతని వెంట వచ్చాయి.

1986లో ఇద్దరం ఒకే స్టేషన్లో పడ్డాం, నేను ఈస్ట్ కేబిన్, అతను వెస్ట్ కేబిన్. స్టేషన్ రెండు చివర్లా పాయింట్లనూ సిగ్నళ్లనూ కదిలించే లీవర్లు ఉండే గదులే ఈ కేబిన్లు. లోపలికి వచ్చే బండికి సిగ్నల్ ఇవ్వాలంటే రెండు కేబిన్లూ ఒప్పుకోవాలి. అవతలి కేబిన్ తన లీవర్ లాగి ఒప్పుకోవడాన్ని స్లాట్ అంటారు. అది రాకపోతే నా సిగ్నల్ లీవర్ కదలదు. ఒక మధ్యాహ్నం గూడ్సు వచ్చి సిగ్నల్ దగ్గర నిలబడింది, నా లీవర్ కదల్లేదు. వెంటనే ఫోన్ అందుకుని, స్లాట్ ఇవ్వకుండా నిద్రపోతున్నావా అని యాకూబ్ మీద ఎగిరాను. నిజానికి నా పక్కనే ఉన్న పాయింట్ లాక్ లీవర్ గాడిలో సగమే కూర్చుంది. అది పూర్తిగా పడకపోయినా సిగ్నల్ లీవర్ కదలదు. సిగ్నల్ రానప్పుడు కేబిన్‌మన్ తన ముందున్న లీవర్లను ఒక్కొక్కటిగా చేత్తో తాకి చూసుకోవాలి, ఆ తర్వాతే ఫోన్ ఎత్తాలి. ఈ నియమాన్ని నేను ఆ రోజు నుంచి తప్పలేదు. నా కింద పని నేర్చుకున్న వాళ్లకూ మొదట అదే చెప్పాను.

ఆ రోజు ఫోన్లో నేను అరవడం అయిపోయేదాకా యాకూబ్ ఓపిగ్గా విన్నాడు. తర్వాత తీరిగ్గా అన్నాడు: "స్లాట్ ఇచ్చి ఐదు నిమిషాలైంది మల్లేశం. ముందుగాల జర నీ దిండు కింద చూసుకో."