ఏసన్న కోసిన ఫ్లెక్సీ

కోయిలకుంట్లలో జమ్మలమడుగు రోడ్డు పక్కన ఏసన్న ఇరవై రెండేళ్ళు రేడియేటర్ల షెడ్డు నడిపాడు. ఆ పక్క షెడ్డులో నేను బ్యాటరీల పని చేస్తాను. రెండు షెడ్లూ ఉన్న స్థలం భూపేష్‌ది. చనిపోయిన నాయకుడు వీరభద్రారెడ్డికి అతనొక్కడే కొడుకు.

ఏసన్న చదివింది ఐదో తరగతి. నాపరాయి దుమ్ము లారీల రేడియేటర్ రేకుల్లో చేరి, తడి తగిలితే సిమెంటులా గట్టిపడుతుంది. మిగతావాళ్ళు ముందు నుంచి జోరుగా నీళ్ళు కొట్టి ఆ దుమ్మును ఇంకా లోపలికి తోస్తారు. ఏసన్న రేడియేటర్ విప్పి, వెనక వైపు నుంచి మెల్లగా కడిగేవాడు. వంగిన రేకులను సన్నటి పుల్లతో ఒక్కొక్కటే సరిచేసేవాడు. ఒక్కోదానికి సగం రోజు పట్టేది.

నిరుడు భూపేష్ బెంగళూరు నుంచి ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. ఎర్రది. నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. రెండే సీట్లు, ఇంజను వాటి వెనక. మన ఎండకు పది కిలోమీటర్లు పోయేసరికి టెంపరేచర్ ముల్లు పైకెక్కేది. కర్నూలులో ఇద్దరు మెకానిక్కులు నీళ్ళు మార్చి పంపేశారు. చివరికి అది ఏసన్న దగ్గరికొచ్చింది.

ఏసన్న ముందు పానా పట్టుకోలేదు. ఇంజను ఆన్ చేయించి, ఊదుకడ్డీ వెలిగించి, కారుకున్న ప్రతి కంత దగ్గరా పొగ పెట్టి చూశాడు. ఎక్కడ పొగ లోపలికి పోతుందో, ఎక్కడ బయటికి తోసేస్తుందో చూస్తూ గంటసేపు కారు చుట్టూ తిరిగాడు.

“చూడప్పా, లారీకి ముందర ఒగే నోరు. దీనికి నాలుగు. ముందర రెండు నీళ్ళు సల్లబడేదానికి. ఎడం తలుపు ఎనకాలది ఇంజను ఊపిరికి. కుడి తలుపు ఎనకాలది ఆయిలు సల్లబడేదానికి. వేడిగాలంతా ఎనక జాలీలోనించి పోతాది. జోరుగా పోతే గాలి దానంతకదే దూరతాది. నడక మీద పోతే ఫ్యాన్లే గుంజాల,” అన్నాడు నాతో.

కుడివైపు కంతలో దూది, దుమ్ము కలిసి గడ్డ కట్టి ఉన్నాయి. మూడు రోజులు కూర్చుని శుభ్రం చేశాడు. భూపేష్ ఆళ్ళగడ్డ దాకా పోయి వచ్చాడు. ముల్లు సగం దాటలేదు.

“నాయన జయంతికి ర్యాలీ ఉండాది ఏసన్నా. ఈ కారే ముందర పోవాల. మధ్యలో నిలబడిందంటే నీకు షెడ్డుండదు,” అన్నాడు భూపేష్ నవ్వుతూ.

ఏసన్న నవ్వలేదు. “నోళ్ళు మూయకుంటే నిలబడదు సామీ. దానికి నాది పూచీ.”

ఆ మాటలో పూచీ ఒక్కటే భూపేష్‌కు వినబడింది.

ర్యాలీ ఏప్రిల్‌లో. పొద్దున తొమ్మిదికే తారు మెత్తబడుతోంది. వీరభద్రారెడ్డి దగ్గర నలభై ఏళ్ళు తిరిగిన బొజ్జన్న, కారు రెండు పక్కలా ఆయన బొమ్మ ఉన్న ఫ్లెక్సీలు అతికించాడు. తలుపు నుంచి వెనక చక్రం దాకా ఆయన ముఖమే. ముందు భాగమంతా తొడ లావు బంతిపూల దండ. నాలుగు నోళ్ళూ మూతపడ్డాయి. ఇంజను ఆన్ చేయగానే లోపలి ఫ్యాను గాలిని గుంజేసరికి కుడివైపు బొమ్మలో చెంప లోపలికి పీక్కుపోయింది.

“పెద్దాయనకు పండ్లు ఊడినట్లుండాయి గదప్పా!” అన్నాడెవడో. నలుగురు నవ్వారు. బొజ్జన్న ఉరిమి చూశాడు.

“బొజ్జన్నా, బొమ్మ రోంత ముందరికి జరపప్పా. గాలి పోయే దారి అది,” అన్నాడు ఏసన్న.

“బొమ్మ యాడ పెట్టాల్నో నువ్వు జెప్తావా? తెల్లారినప్పట్నించి అతికిస్తాండాం.”

“పన్నెండు కిలోమీటర్లు నడక మీద పోవాల. ఇంజను కాలిపోతాది.”

“కాలిపోతే నిన్నే అడుగుతాంలే.”

ఏసన్న భూపేష్ దగ్గరికి పోయాడు. భూపేష్ ఫోనులో మాట్లాడుతూనే, “నువ్వే చూసుకో ఏసన్నా,” అని చెయ్యి ఊపాడు.

ఏసన్న చూసుకున్నాడు. పూలదండను బానెట్ మీదికి జరిపాడు. అందరూ టపాకాయల దగ్గర ఉన్నప్పుడు చిన్న కత్తితో, రెండు పక్కలా కంత ఎంతుందో అంతే ఫ్లెక్సీ కోసి, అంచులు లోపలికి మడిచి టేపు వేశాడు. ఎడమవైపు నుదురు పోయింది. కుడివైపు చెంప పోయింది. నేను పక్కనే నిలబడి చూశాను. అంత శుభ్రమైన కోత దర్జీ కూడా కోయలేడు.

భూపేష్ వాళ్ళ ఊరు చేరడానికి రెండు గంటలు పట్టింది. కారు ఒక్కచోట కూడా ఆగలేదు. భూపేష్ తల్లి స్వర్ణలత హారతి పళ్ళెంతో ఎదురొచ్చి, కారు పక్కన ఆగిపోయింది.

“మీ నాయన మొగం కోసినోడెవురు?”

భూపేష్ స్టీరింగ్ ముందే కూర్చుని ఉన్నాడు. ముల్లు ఎక్కడుందో అతని కళ్ళెదుటే ఉంది. దాన్ని చూశాడు కూడా. తర్వాత, “ఏసన్న,” అన్నాడు. అంతకంటే ఒక్క ముక్క చెప్పలేదు.

బొజ్జన్న ఏసన్న చొక్కా పట్టుకుని చెంప మీద కొట్టాడు.

“అమ్మా, గాలి ఆడకుంటే ఇంజను...”

“పెద్దాయన కంటే ఇంజను ఎక్కువైపాయనా నీకు?” అని బొజ్జన్న ఇంకొకటి కొట్టాడు. అక్కడున్న వందమందిలో నేనూ ఒకణ్ణి.

మరునాడు షెడ్డుకు వేరే తాళం పడింది. సామాన్లు రోడ్డు మీద పారేశారు. ఏసన్న భార్య వరమ్మ దుమ్ములో కూర్చుని పానాలు ఏరుకుంది. వారంలో వాళ్ళు ప్రొద్దుటూరు వెళ్ళిపోయారు. అక్కడ లారీలు కడిగే చోట కూలికి కుదిరాడు ఏసన్న.

నెల తిరగకముందే ఆ కారు భూపేష్ చుట్టాల పెళ్ళి ఊరేగింపులో ముందు నడిచింది. ఈసారి బొజ్జన్న కోతకు వీల్లేకుండా పెద్దాయన బొమ్మను గమ్ముతో అంటించాడు. ఏడో కిలోమీటరులో పొగ లేచింది. ఇంజను హెడ్డు వంకరపోయింది. కారును లారీ మీదికెక్కించి బెంగళూరు పంపారు. పోయేముందు ఏసన్నే ఇంజనులో ఏదో పోసిపోయాడని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆ మాట నా షెడ్డు ముందే భూపేష్ చెవిన పడింది. కాదనలేదు.

పని మీద ప్రొద్దుటూరు పోయినప్పుడు ఇదంతా ఏసన్నకు చెప్పాను. ఆయన నీళ్ళ పైపు కట్టేసి విన్నాడు.

“ఏ పక్క ముందు పోయింది?”

“తెలీదన్నా.”

“కుడి పక్కే అయ్యుంటాది. ఆయిలు కాగిపోయింటాది.” తడి చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. “నేనేదో పోసినానంటే, నువ్వేమన్యావప్పా?”

“ఏమీ అనలేదు,” అన్నాను.

ఆయన తలాడించి, పైపు తీసుకుని లారీ కిందికి దూరాడు.